దానయ్య నేర్పిన నొప్పి

మా రైల్వే క్వార్టర్ల వరసలో ఉత్త దానయ్య అంటే ఎవరికీ తెలియదు. కడుపు దానయ్య అనాలి. అప్పుడు గూడ్సు పెట్టెలు బాగుచేసే వ్యాగన్ షాపు గేటు దగ్గర పాన్ డబ్బావాడు కూడా "వో పేట్‌వాలా?" అని నవ్వి, వేలు పెట్టి ఇల్లు చూపించేవాడు. రాయపూర్‌లో రైల్వే పని చేసుకుని బతికే మన తెలుగువాళ్లలో యూనియన్ లీడర్లు ఉన్నారు, గుడి కట్టించినవాళ్లు ఉన్నారు, పిల్లల్ని ఇంజనీర్లని చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక్కరికీ రాని పేరు ఈ మహానుభావుడికి వచ్చింది. ఎందుకూ అంటే, లేని నొప్పిని ఉన్నట్టు చూపించడం ఎలాగో ఊరందరికీ నేర్పినందుకు.

నా పేరు తాయారమ్మ. వాళ్ల క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. ఆయన భార్య వరహాలమ్మ నన్ను వదినా అంటుంది, ఆయన చెల్లీ అంటాడు. రెండు కుటుంబాలదీ శ్రీకాకుళం వైపే. మా ఆయన అప్పారావు కూడా ఈయన దగ్గర పాఠం చెప్పించుకున్నవాడే. కాబట్టి నేను చెప్పేదాంట్లో విన్నది తక్కువ, కళ్లారా చూసింది ఎక్కువ. ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని ఎవరైనా అడిగితే మాత్రం వేరే గుమ్మం చూసుకోండి.

రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన ఏడాది దానయ్యకి నిజంగానే అపెండిసైటిస్ వచ్చింది. బొడ్డు చుట్టూ సన్నగా మొదలైన నొప్పి సాయంత్రానికి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. మనిషి సగానికి వంగిపోయాడు. ఆసుపత్రిలో కోసి, పేగుకి వేలాడే చిటికెనవేలంత తోకని తీసి పారేశారు. నెల పైన ఇంట్లో పడుకున్నాడు. జీతం ఆగలేదు. ఎప్పుడు సెలవడిగినా కుక్కని తరిమినట్టు తరిమే ఫోర్‌మన్ భీమారావు స్వయంగా కమలాపళ్లు పట్టుకుని చూడటానికి వచ్చాడు.

అది ఒంట్లో ఎందుకూ కొరగాని ముక్క అని డాక్టరు చెప్పాడట. ఎందుకు కొరగాదో దానయ్య మంచం మీద పడుకుని తీరిగ్గా ఆలోచించాడు. మా షాపులో పెళ్లిళ్ల కాలంలో, కోతల కాలంలో సెలవు దొరకడం కల్ల. కానీ డాక్టరు 'సిక్' అని రాసిచ్చాడంటే ఫోర్‌మన్ కాదు కదా, వాడి పైవాడు కూడా ఏమీ చెయ్యలేడు. జ్వరం అంటే థర్మామీటరు పెడతారు. కాలు విరిగిందంటే ఫొటో తీస్తారు. కడుపులో నొప్పి తేల్చడానికి, అదీ ఆ రోజుల్లో, డాక్టరు చేత్తో నొక్కి చూడటం తప్ప దారి లేదు. అపెండిక్స్ అని అనుమానం తగిలితే చాలు, రెండు మూడు రోజులు పడుకోబెట్టి చూస్తారు, తర్వాత వారం విశ్రాంతి రాస్తారు. దానయ్యకి దారి దొరికింది. పాపం, వాడుకోవడానికి ఆయన దగ్గర ఇంక అపెండిక్స్ లేదు. కోత మచ్చ కనిపిస్తుంటే ఏ డాక్టరు నమ్ముతాడు? అందుకని గురువైపోయాడు.

ఆదివారం పొద్దున్నే వాళ్ల వాకిట్లో నులకమంచం వేసి పాఠం. ఎదురుగా నలుగురైదుగురు, ఎవరికి సెలవు కావాలో వాళ్లు. ఒకడు ఊళ్లో బావమరిది పెళ్లికి, ఒకడు పొలం పంపకాలకి, ఒకడు ఉత్తినే పడుకోవడానికి.

"నొప్పి ఎక్కడ మొదలవ్వాల?" అని అడిగేవాడు దానయ్య.

"బొడ్డు కాడ గురూగారూ."

"తరవాత?"

"కుడేపు కిందకి దిగాల."

"అదీ. ఏకంగా కుడేపు సెయ్యెట్టీసినావంటే డాక్టరు పసిగట్టీత్తాడు. ముందు రోజు నుంచీ తిండి మానీయాల. మొకం పీక్కుపోవాల. కుడికాలు ఈడుస్తున్నట్టు నడవాల, మరీ ఎక్కువొద్దు."

ఇంత చెప్పి, కూతుర్ని పిలిచేవాడు. ఒక్కగానొక్క కూతురు ఉమారాణి. అప్పటికి దానికి పదో పదకొండో ఏళ్లు, రెండు జడలు, గౌను.

"ఉమా, ఇలారాయే. మావయ్యలకి సూపించు."

ఆ పిల్ల చక్కా వచ్చి మంచం మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచేది. ఆయన దాని కడుపు మీద చెయ్యి పెట్టి మెల్లిగా నొక్కేవాడు. అది పళ్లు బిగించి ఊరుకునేది. చెయ్యి చటుక్కున తీసేవాడు. "అమ్మా" అని ఒక్క మూలుగు మూలిగేది. ఎంత బాగా మూలిగేదంటే గోడకి ఇవతల ఉన్న నాకు ఒళ్లు ఝల్లుమనేది.

"ఇన్నారా? అరవనేదు. నొక్కినప్పుడు కాదు, ఒదిలినప్పుడు నొప్పెక్కువుండాల. ఎడమేపు నొక్కినా కుడేపు నొప్పని సెప్పాల. ఇప్పుడు అసలైన ముక్క. డాక్టరు ఆసుపత్రిలో ఉండిపొమ్మన్నాడు. ఏటనాల ఉమా?"

"అబ్బే, నాకేటీ నేదు సార్. తగ్గిపోనాది. డ్యూటీకి ఎల్లిపోతాను."

"శభాష్! ఉంటానన్నోడిని పొమ్మంటాడు, పోతానన్నోడిని ఉండమంటాడు. డాక్టరంటే అంతే!"

అందరూ ఘొల్లుమనేవారు. పిల్ల లేచి గౌను దులుపుకుని, తండ్రి మొహంలోకి చూసి, ప్రతిసారీ ఒకటే అడిగేది. "బాగా సేసినానా నాన్నా?" ఆయన "బాగా సేసినావమ్మా" అని దాని చేతిలో ఒక పల్లీ చిక్కీ పెట్టేవాడు. వరహాలమ్మ గుమ్మంలో నిలబడి "ఆడపిల్లకి నేర్పే విద్యేనా అది?" అని గొణిగేది. గొణిగితే వినేవాళ్లెవరు ఆ ఇంట్లో!

ప్రేమ్‌చంద్ అని ఒక కుర్రాడు పాఠం మరీ శ్రద్ధగా విన్నాడు. రెండో రోజు తగ్గిపోయిందని చెప్పడం మర్చిపోయి మూలుగుతూనే ఉన్నాడు. డాక్టర్లు ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లి, శుభ్రంగా ఉన్న అపెండిక్స్‌ని కోసి తీసేశారు. దానయ్య ఆ కథ ఎన్నేళ్లు చెప్పుకుని నవ్వాడో! "ఎదవకి ఆపరేషన్ ఛుట్టీ కూడా కలిసొచ్చినాది" అనేవాడు. కడుపు కోయించుకున్నవాడు కూడా పక్కన కూర్చుని నవ్వేవాడు. అలాంటి జనం మేము.

ఉమారాణి పదో తరగతిలో లెక్కల పరీక్షకి భయపడి అదే వేషం వేసి, మంచి అనుభవం ఉన్న డాక్టర్ని బురిడీ కొట్టించింది. ఇంకో తండ్రి అయితే వీపు చీరేసేవాడు. ఈయన కాలనీ అంతా తిరిగి చెప్పుకున్నాడు, కూతురికి మెడల్ వచ్చినట్టు.

ఉమని భిలాయి సంబంధానికి ఇచ్చారు. అల్లుడు వీరేంద్ర స్టీలు ప్లాంటులో పని చేస్తాడు, మంచివాడే, తల్లి మాటకి ఎదురు చెప్పడు అంతే. తల్లి పేరు దాలమ్మ. కొత్త కోడలికి మొదటి ఏడాదే ఆ ఇంట్లో గృహప్రవేశం తగిలింది. వంద మందికి వంట, పిల్ల ఒక్కత్తీ. పొయ్యి దగ్గర నిలబడలేక ఉమారాణి తనకొచ్చిన విద్య బయటికి తీసింది. వాళ్లు హడలిపోయి ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కానింగ్‌లో ఏమీ లేదు, గ్యాస్ అన్నారు. అక్కడితో పోయేదే. నెల తర్వాత ఎవరిదో అన్నప్రాసనలో దానయ్య నలుగురి మధ్యా తొడ కొట్టుకుని, "గేసూ నేదు గాడిద గుడ్డూ నేదు వదినగారూ! అది నా కూతురు. నా సేత్తో నేర్పినాను" అని మొత్తం బయట పెట్టేశాడు. దాలమ్మ నవ్వలేదు. ఆ రోజు నుంచీ ఉమకి తలనొప్పి వచ్చినా ఆవిడ ఒకటే మాట: "మీ ఇంటి విద్యలు మాకు తెలుసులేమ్మా."

ఏం తండ్రయ్యా! పిల్లకి అబద్ధం నేర్పింది తనే, ఆ అబద్ధాన్ని బజారున పెట్టిందీ తనే. ఇంక ఆ పిల్ల నిజం చెబితే నమ్మేవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు?

శ్రీమంతం అయ్యాక ఉమారాణి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల నడుస్తుండగా భిలాయిలో ఆడపడుచు పెళ్లి పెట్టుకున్నారు. మే నెల, రాయపూర్ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. కడుపుతో ఉన్న పిల్లని ఎందుకు కదిలించడం అని వరహాలమ్మ అంది. దాలమ్మ ఫోన్‌లో "రాదులే, ఏదో ఒక నొప్పి వత్తాది" అందట. దానయ్యకి రోషం పొడుచుకొచ్చింది. "నానే తెచ్చి మీ గుమ్మంలో నిలబెడతాను, సూడండి" అని మాటిచ్చేశాడు.

పెళ్లికి ముందు రోజు పొద్దుట నుంచీ ఉమ ఏమీ తినలేదు. మధ్యాహ్నం గోంగూర ఒలుస్తూ కూర్చున్నది కాస్తా ఆకులు పక్కకి తోసేసి వాంతి చేసుకుంది. కుడివైపు పక్కటెముకల కింద పట్టుకుని గోడకి చేరగిలబడింది. వరహాలమ్మ కేక వేస్తే నేను వెళ్లాను. పిల్ల మొహం తెల్లగా పాలిపోయి ఉంది, పై పెదవి మీద చెమట.

సాయంత్రం దానయ్య డ్యూటీ నుంచి వచ్చాడు. సంగతి విని మొహం కూడా కడుక్కోకుండా కూతురి పక్కన కూర్చున్నాడు. కంగారుతో అనుకునేరు, కాదు, సరదాగా. "పడుకోయే. సూద్దాం" అన్నాడు. ఆ నిండు కడుపు మీద, కుడివైపు కింద, పాఠంలో నొక్కే చోటే నొక్కి వదిలాడు. ఉమ మూలగలేదు.

"అక్కడ కాదు నాన్నా. ఇదుగో, పైన. ఎముకల కింద. నడుం దాకా లాగీస్తన్నాది."

దానయ్య పగలబడి నవ్వాడు. "ఒసే, అక్కడేటుంటాదే! బొడ్డు కాడ మొదలవ్వాల, కిందకి దిగాల. అన్నీ మర్చిపోనావేటి? పెళ్లయినాక బిల్కుల్ పాడైపోనావు."

"నాటకం కాదు నాన్నా. ఒట్టు."

"ఒట్టెట్టడం కూడా నానే నేర్పినాను."

నాకు మండింది. "అన్నయ్యా, దాని మొకం సూడు. పిండిలా ఎలా పాలిపోనాదో!" అన్నాను.

"తిండి మానీమని సెప్పినోణ్ణి నాను సెల్లీ. నాకా సెప్తావు?"

"ఒళ్లు ఏడిగా ఉన్నాది."

"మే నెల్లో ఎవులి ఒళ్లు సల్లగుంటాది?"

మనం ఏం చెప్పినా జవాబు ఉంది ఆయన దగ్గర. ఏ గుర్తు చూపించినా అది ఆయన పాఠంలోదే. ఆయన పాఠంలో లేనిది ఒక్కటే, నొప్పి ఉన్న చోటు. అందుకే అసలు నొప్పే లేదని తేల్చేశాడు. ఆఖరికి వరహాలమ్మ, ఎన్నడూ గొంతెత్తని మనిషి, "నొప్పులొచ్చినాయేమో, నా పిల్లని ఆసుపత్రికి తీసుకెల్తావా, నన్ను తీసుకెల్లమంటావా?" అని అరిచింది. "పదండి, డాక్టరు మొకమ్మీదే తేలిపోతాది" అని లేచాడు.

దీపాలు పెట్టే వేళకి నలుగురం ఆసుపత్రిలో ఉన్నాం. లోపలికి పిలిచే ముందు వరండాలో దానయ్య కూతుర్ని ఒక స్తంభం పక్కకి తీసుకెళ్లాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఈసారి నవ్వడం లేదు, బతిమాలుతున్నాడు.

"ఒక్క మాట ఇనుకో తల్లీ. మీ అత్త ఫోన్లో అంత మాటనీసినాది. రేపు నువ్వు అక్కడ నిలబడకపోతే నాను మళ్లీ తలెత్తుకోనేను. నీకు ఎల్లాలని నేదు, నాకు తెలుసు. ఈ ఒక్కపాలికి నా కోసం ఎల్లు. నొప్పీ గిప్పీ అనీకు."

ఉమ కొంగుతో పై పెదవి మీద చెమట తుడుచుకుంది. "సరే నాన్నా" అంది.

డాక్టరమ్మ చిన్న వయసు, హిందీ ఆవిడ. ఓపిగ్గా చూసింది. కింద నొక్కింది, పక్కన నొక్కింది, పక్కటెముకల కింద నొక్కింది. "దర్ద్ హై?"

"నహీ మేడమ్."

"యహాఁ?"

"నహీ."

మొహంలో ఒక్క గీత కదల్లేదు. నేను మంచం కాళ్ల వైపు నిలబడి ఉన్నాను. ఆవిడ పక్కటెముకల కింద చెయ్యి వేసినప్పుడు ఉమ కాలి వేళ్లు గుప్పిట మూసినట్టు ముడుచుకుపోయాయి. నేను ఊరుకోలేదు. నాకొచ్చిన హిందీలో "ఝూఠ్ మేడమ్, దర్ద్ హై, బహుత్ హై" అని అరిచాను. డాక్టరమ్మ ఉమ వైపు చూసింది. ఉమ నవ్వింది. "ఆంటీకి కంగారెక్కువ మేడమ్" అంది. చిన్నప్పటి నుంచీ నొప్పి నటించిన పిల్ల, ఆ సాయంత్రం నొప్పి లేదని నటించింది. ఎంత బాగా నటించిందో చెప్పలేను. దాని తండ్రి పక్కన చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

అయినా డాక్టరమ్మకి నచ్చలేదు. నాడి వేగంగా ఉంది, జ్వరం తగులుతోంది, రాత్రికి ఉంచండి, రక్తపరీక్ష చేస్తాం, స్కానింగ్ తీయిస్తాం అంది. దానయ్య రంగంలోకి దిగాడు. అన్నేళ్లుగా డాక్టర్లని నమ్మించడం నేర్పిన మనిషి, ఆ విద్య అంతా ఆవిడ ముందు పెట్టాడు. ఎండ అన్నాడు, ప్రయాణం అన్నాడు, పిల్లకి చిన్నప్పటి నుంచీ గాబరా అన్నాడు, రేపు పెళ్లి కాగానే నేనే తీసుకొచ్చి పడుకోబెడతాను అన్నాడు. "ఏమైనా అయితే మీదే బాధ్యత" అంది ఆవిడ. "మేరీ జిమ్మేదారీ మేడమ్" అని దణ్ణం పెట్టాడు.

పొద్దున్నే స్టేషన్‌కి బయల్దేరే వేళకి ఉమ కొంచెం తేరుకున్నట్టు కనిపించింది. "తగ్గినాది నాన్నా. నిజంగానే తగ్గినాది" అంది. దానయ్య నా వైపు తిరిగి కళ్లెగరేశాడు. "సూసినావా సెల్లీ? ఇంకా ఏటో అన్నావు." అది లోపల పగిలిపోయినందువల్ల తగ్గిందని మాకెవరికి తెలుసు? వాచి బిగుసుకున్నది పగిలితే కాసేపు సుఖంగా ఉన్నట్టుంటుందట. ఆ తర్వాత చీము కడుపంతా పాకుతుందట. ఇవన్నీ తర్వాత డాక్టర్లు చెప్పారు.

లోకల్ బండిలో భిలాయి చేరాం. కల్యాణమండపం గుమ్మంలోనే దాలమ్మ ఎదురైంది. కోడల్ని కిందికీ పైకీ చూసి, "వచ్చినావేటి! ఏ నొప్పీ రానేదా?" అంది.

"రానేదత్తా" అంది ఉమ నవ్వుతూ.

ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చినవాళ్లకి బొట్టు పెట్టింది, గంధం రాసింది, పెద్దవాళ్లకి మంచినీళ్లు అందించింది. కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని దానికి తెలుసు. దానయ్య కొత్త లాల్చీ వేసుకుని మండపం అంతా కలియదిరిగాడు. కనబడినవాడికల్లా "మా అమ్మాయి, ఎనిమిదో నెల, అయినా ఎలా తిరుగుతన్నాదో సూడండి" అని చూపించాడు. దాలమ్మ ముందుకి వెళ్లి మరీ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆయన జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజు నేను ఇంకోటి చూడలేదు.

మంగళసూత్రం కట్టడం అయింది. జనం భోజనాలకి లేచారు. ఉమ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. పెనంలా కాలిపోతోంది. కడుపు మీద చెయ్యి వేస్తే చెక్క తగిలినట్టు తగిలింది.

"తాయారత్తా, మా నాన్నకి సెప్పకు."

"ఎందుకే, పిచ్చిదానా!"

"అప్పగింతలు అయిపోనీ. ఇంక కొంచెంసేపే కదా."

నేను కేక పెట్టాను. ఆ కేకకి మేళం ఆగిపోయింది. ఉమ స్తంభం వెంబడే జారి కింద కూలబడింది. వీరేంద్ర పరిగెత్తుకుంటూ వచ్చి భార్యని ఎత్తుకున్నాడు. ఎవరిదో కారు దొరికింది. ముందు సీట్లో వీరేంద్ర, వెనక వరహాలమ్మ, నేను, దానయ్య. ఉమ తల తండ్రి ఒళ్లో ఉంది. కళ్లు తేలిపోతున్నాయి. దారిలో ఒక్కసారి కళ్లు తెరిచి ఆయన మొహంలోకి చూసింది.

"బాగా సేసినానా నాన్నా?"

"బాగా సేసినావమ్మా" అన్నాడు దానయ్య. అన్నేళ్ల అలవాటు. ఏం అడిగిందో, తనేం అన్నాడో తెలిసేలోపే నోట్లోంచి వచ్చేసింది. నేను విన్నాను, కన్నతల్లి కూడా వింది.

కడుపు కోసి ముందు బిడ్డని బయటికి తీశారు. ఆడపిల్ల, అరచేతిలో పట్టేంత. దాన్ని గాజుపెట్టెలో పెట్టారు. ఉమ కడుపంతా చీము. కడిగారు, గొట్టాలు పెట్టారు, ఎక్కించాల్సినవన్నీ ఎక్కించారు. స్పృహ సరిగ్గా రానేలేదు. మూడో రోజు పొద్దున పోయింది.

పెద్ద డాక్టరు మమ్మల్ని వరండాలోకి పిలిచి, అపెండిక్స్ పగిలి విషం ఒళ్లంతా పాకిందని చెప్పాడు. ఒక్క రోజు ముందు తీసుకొచ్చి ఉంటే బతికేది అన్నాడు. దానయ్య ఏడవలేదు. వాదించాడు! శవం లోపల ఉండగా డాక్టరుతో వాదించాడు.

"నేదు సార్. అపెండిస్ కింద కదా ఉంటాది? నీచే. కుడేపు. మా పిల్ల పైన సూపించినాది. ఎముకల కింద. నాకు తెలుసు సార్, నాకు తీసినారు, ఇదుగో దేఖియే." అని కొత్త లాల్చీ పైకెత్తి, పంచె కొంచెం దించి, ఆ వరండాలో అందరి ముందూ తన మచ్చ చూపించాడు.

డాక్టరు ఆ మచ్చ వైపు చూశాడు, ఆయన మొహం వైపు చూశాడు. "కడుపులో బిడ్డ పెరుగుతుంటే పేగులు పైకి జరుగుతాయి. వాటితో పాటే అదీ పైకి పోతుంది. మీ అమ్మాయి సరైన చోటే చూపించింది" అన్నాడు హిందీలో, మెల్లగా.

దానయ్య లాల్చీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వరహాలమ్మ వచ్చి ఆ లాల్చీ కొస ఆయన చేతిలోంచి లాగి కిందికి దించింది. "సాల్లే, మూసుకో" అంది. తర్వాత మొగుడితో ఆవిడ మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పూట కబుర్లకి సరిపోవు.

గాజుపెట్టెలో పిల్ల బతికింది. వీరేంద్ర ఏడాది తిరక్కుండా మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్ల ఈ ముసలాళ్ల దగ్గరే ఉండిపోయింది. భాగ్యశ్రీ అని పేరు పెట్టారు. ఎవరికి తోచిందో గానీ ఆ పేరు!

ఆ తర్వాత దానయ్య దగ్గరికి పాఠానికి వచ్చినవాడు ఒక్కడే. కొత్తగా చేరిన కుర్రాడు, సంగతి తెలియక వచ్చాడు. దానయ్య వాణ్ణి కూర్చోబెట్టి "ఎక్కడ నొప్పి?" అని అడిగాడు. వాడు నవ్వుతూ, నొప్పి లేదు, నేర్చుకోవడానికి వచ్చానన్నాడు. ఈయన వాడి మణికట్టు పట్టుకుని, వాడు విదిలించుకుంటున్నా వదలకుండా, బజారు మధ్య నుంచి ఆసుపత్రికి ఈడ్చుకెళ్లాడు. "అడ్మిట్ సేసుకోండి సాబ్, నేదంటన్నాడు, నమ్మకండి" అని డాక్టరు కాళ్ల మీద పడ్డాడు. కాలనీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, దాచడం దేనికి?

ఇప్పుడు మేమూ వాళ్లూ రిటైరై, ఊళ్లోనే గుఢియారీ అనే పేటలో ఒకే సందులో ఉంటున్నాం. భాగ్యశ్రీకి తొమ్మిదో ఏడు. ఎవరూ నేర్పకుండానే ఆ పిల్ల ఒకటి కనిపెట్టింది. కడుపు పట్టుకుంటే చాలు, తాత చేతిలో ఏ పని ఉన్నా పడేసి పరిగెత్తుకొస్తాడు. హోమ్‌వర్క్ అవ్వకపోతే నొప్పి. బెండకాయ కూర అయితే నొప్పి. ఒక రోజు ఎడమవైపు, ఒక రోజు కుడివైపు, నవ్వు ఆపుకోలేక బుగ్గలు ఉబ్బుతుంటాయి. అంత చెత్తగా నటించే పిల్లని నేను చూడలేదు. తల్లి నటనలో పావు వంతు కూడా రాలేదు.

అయినా ఆయన ఎత్తుకుంటాడు. ఆటో ఎక్కిస్తాడు. ఆటో దొరక్కపోతే ఆ ఎండలో భుజాన వేసుకుని నడుస్తాడు. ఆసుపత్రిలో నర్సులు "ఆ గయే నానాజీ", తాతగారు వచ్చేశారు, అని ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. డాక్టర్లు తిడతారు. ఒకాయన ఇలా ఊరికే తిప్పితే పోలీసులకి చెప్తానని బెదిరించాడు. ఈయన దణ్ణం పెడతాడు, స్కానింగ్ తియ్యమంటాడు, తియ్యకపోతే గుమ్మంలో కూర్చుంటాడు.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగేశాను. "అన్నయ్యా, అది వేషాలేస్తన్నాదని నీకు తెలీదా? నీకే తెలీకపోతే ఇంకెవులికి తెలుస్తాది?"

"తెలుసు సెల్లీ."

"మరెందుకు మోసుకుని తిరుగుతావు?"

"అప్పుడు కూడా తెలుసనే అనుకున్నాను కదా" అన్నాడు.

జాలి పడ్డానేమో అనుకునేరు. పడలేదు. ఆకుపచ్చ చీరలో ఆ పిల్ల స్తంభానికి ఆనుకుని నిలబడటం నా కళ్లముందు నుంచి పోయిన రోజు పడతాను.

మొన్న మళ్లీ అదే తంతు. స్కూల్లో ఏదో టెస్టు. భాగ్యశ్రీ బ్యాగు కింద పడేసి కడుపు పట్టుకుంది. నేను కూడా బీపీ చూపించుకోవడానికి వెళ్లాల్సి ఉండి అదే ఆటో ఎక్కాను. ఆసుపత్రి బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. వరస పెద్దగా ఉంది, ఎండ బెంచీ దాకా వచ్చేసింది. పిల్లకి విసుగొచ్చింది. టెస్టు వేళ ఎలాగూ దాటిపోయింది. తాత చెవి దగ్గర నోరు పెట్టి, నాకు వినబడేలాగే గుసగుసలాడింది.

"తాతా, దర్ద్ వర్ద్ ఏమీ లేదు. నాటకం చేశాను. ఇంటికి పోదాం."

దానయ్య గిరుక్కున తిరిగాడు. రెండు చేతులతో ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

"అలాగనీకు తల్లీ. నేదని మాత్రం సెప్పీకు. డాక్టరు అడిగితే నొప్పున్నాదనే సెప్పు. నా బంగారు కదూ."

పిల్ల పెదవి విరిచింది. ఈ ముసలాయనకి ఏమైందో దానికి అర్థం కాలేదు.

"ఎక్కడని చెప్పాలి తాతా?"

"ఎక్కడైనా పర్లేదమ్మా" అన్నాడు దానయ్య.